బేతంచెర్ల కొండమీద హమ్మింగ్‌బర్డ్

హమ్మింగ్‌బర్డ్ మన దేశంలో లేదు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన నాకు ఆ మాత్రం తెలియదా? తెలుసు. తెలిసి కూడా ఫిబ్రవరి నెలాఖరులో ఒక పొద్దున ఆరింటికల్లా, మెడలో బైనాక్యులర్, చేతిలో నీళ్ళ సీసాతో కడప బస్టాండులో నంద్యాల బస్సు కోసం నిలబడ్డాను. బాలిరెడ్డి అనే రైతు నన్ను వారం రోజులుగా ఫోనులో వదిలిపెట్టలేదు మరి.

"పేపర్లో పిట్టల గురించి రాసిన మేడం మీరేనా?" అన్నాడు మొదటిసారి. అవునన్నాను. "మాది బేతంచెర్ల పక్కన మేడం. మా కొండలో హమ్మింగ్‌బర్డ్ ఉండాది. మీరొచ్చి చూసి, అవునని ఒక కాయితం రాసియ్యల్ల."

అది అమెరికా ఖండాలు దాటి రాదప్పా అన్నాను. వెంటనే వీడియో పంపాడు. పొడుగాటి పూలకాడ ముందు ఏదో నల్లటిది గాల్లో గిలగిల్లాడి మాయమైంది. చెయ్యి వణికినట్టుంది, కొండ కూడా వణికింది. అది మన తేనెపిట్ట అయుంటుందని చెప్పాను. "ఫోన్లో చూసి చెప్పేది గాదు మేడం, వచ్చి చూడండి" అన్నాడు.

ఎందుకు బయల్దేరానో కూడా చెప్పాలి. మా కాలేజీ ల్యాబు గోడమీద ఒక పాత పటం ఉండేది. దక్షిణ అమెరికా వాన అడవుల హమ్మింగ్‌బర్డ్. బొటనవేలంత ఒళ్ళు, ఆకుపచ్చ వీపు, గొంతు దగ్గర నీలం రాయి పొదిగినట్టు ఒక మెరుపు, సూదిలాంటి ముక్కు. పువ్వు ముందు గాల్లో అలాగే నిలబడి తేనె తాగుతుంది, కావాలంటే వెనక్కి కూడా ఎగురుతుంది. ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట పువ్వు విచ్చే తడి అడవి కావాలి దానికి. ఒక పూట తిండి తప్పితే బతుకు కష్టం. ఎండ తప్ప ఇంకేదీ ఎరగని కడపలో కూర్చుని ఏటా ఆ పిట్ట గురించి చెప్పాను. ఒక్కసారీ చూడలేదు. ఇంక చూడనూ లేను. ఆశకు సిగ్గుండదంటారు, అందుకే బయల్దేరాను.

బస్సు ఆరున్నరకు కదిలింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు కొడుతున్నారు కాబట్టి, సీటు మాత్రం యుద్ధం చేసి సంపాదించుకోవాలి. మైదుకూరులో ఎక్కిన ఒకావిడ సంచి నా ఒళ్ళో పెట్టి, తర్వాత తను కూర్చుంది.

"యాడికి పోతాండావమ్మా?"

"పిట్టను చూడటానికి."

ఆవిడ నన్ను, బైనాక్యులర్‌ను మార్చి మార్చి చూసింది. "టికెట్ లేదు గాబట్టి సరిపోయింది" అంది.

ఆళ్ళగడ్డలో బస్సు పది నిమిషాలు ఆపారు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఈ దారిన వచ్చేవాళ్ళు టీ మాత్రం అక్కడ తాగకండి, అది టీ కాదు. పదిన్నరకు నంద్యాల. స్టేషనుకు ఆటో. డోన్ వైపు ప్యాసింజరు గంటన్నర ఆలస్యం. ఎందుకని అడిగితే కౌంటర్లో ఆయన ఈ దారికి కొత్తా అన్నట్టు చూశాడు.

రైలు పాణ్యం దాటాక రెండు పక్కలా ఎర్రమల గుట్టలు మొదలవుతాయి. ఎండిన గడ్డి, బొంతజెముడు, మధ్యమధ్య నిప్పంటుకున్నట్టు మోదుగ చెట్లు. ఆ ఒక్క నెల ఆ గుట్టలు అందంగా ఉంటాయి. మిగతా పదకొండు నెలలు వాటిని ప్రేమించాలంటే అక్కడే పుట్టి ఉండాలి. ఎదురు సీటులో ఒకాయన, ముఖానికి పౌడరు రాసుకున్నట్టున్నాడు. అది పౌడరు కాదు, బండల దుమ్ము. పేరు మాబుసాబ్ అని చెప్పాడు. బేతంచెర్లలో నాపబండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని. ఎక్కడికని అడిగితే ఊరు, బాలిరెడ్డి పేరు చెప్పాను. ఆయనకు సంగతంతా తెలుసు.

"ఆ పిట్ట మేడం మీరేనా?" అని నవ్వాడు. వెంటనే నవ్వు ఆపేశాడు. "బాలిరెడ్డి మంచోడు మేడం. బావి పోతాదని ఆయన బాధ. గని నిలిచిపోతే మేం యాడికి పోవల్ల అని మా బాధ. మీరు పిట్టను జూసి పోతారు."

ఆయన అన్నంత పనీ చేయబోతున్నానని అప్పుడు నాకు తెలియదు.

బేతంచెర్లలో దిగేసరికి ఒంటిగంట దాటింది. రోడ్డు పొడుగునా బండలు, బండల లారీలు, రంపాల కూత. చెట్ల ఆకులు, షాపుల బోర్డులు, పడుకున్న కుక్క, అన్నీ తెల్లగా ఉన్నాయి. ఇప్పుడిది నంద్యాల జిల్లా అన్నారుగానీ ఊళ్ళో అందరి నోటా ఇంకా కర్నూలు జిల్లానే. బాలిరెడ్డి మోటారు సైకిలు మీద వచ్చాడు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, మెడలో తువ్వాలు. నన్ను చూసి చేతులెత్తి మొక్కాడు, నా బైనాక్యులర్‌ను చూసి ఇంకోసారి మొక్కాడు.

ఊరి పేరు రాయను. పేరు లేకుండా ఎలా చేరాలో ఈ కథ చివర చెబుతాను.

ఆయన భార్య ఈశ్వరమ్మ జొన్నరొట్టె, వంకాయ కూర, చెనిక్కాయల పొడి వడ్డించింది. నేల చల్లగా ఉంది. చెప్పులు విడిచి పాదాలు ఆనించాను. "మీ ఇంట్లో ఏం బండలు మేడం?" అని అడిగింది ఆవిడ. "బేతంచెర్ల బండలే" అన్నాను. "అందరివీ అవే" అని ఇంకో రొట్టె వేసింది. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఇప్పటికీ తెలియదు.

తిన్నాక బాలిరెడ్డి విషయం చెప్పాడు. ఆయనకున్నది కొండ కింద నాలుగెకరాలు, ఒక బావి. తాత తవ్వించిన బావి. కొండవాలు మీద పడ్డ వాన ఇంకి ఆ బావికి చేరుతుంది. కొండకు అవతలి పక్క గని ఉంది. లోతుకు పోయేకొద్దీ గనిలో నీళ్ళూరతాయి, ఊరిన నీళ్ళను మోటార్లు పెట్టి తోడి పారబోస్తారు. అలా ఎగువన రెండు బావులు ఇప్పటికే ఎండాయి. ఇప్పుడు ఈ వాలు కూడా గనికి కావాలంటున్నారు. మర్నాడు బడి ఆవరణలో ప్రజాభిప్రాయ సేకరణ.

"పోయినసారి మీటింగులో బావి గురించి చెప్పినా మేడం. రాసిమ్మన్నారు. రాసిచ్చినా. ఏమీ జరగల్యా. మీ కడప పక్కన కలివికోడి కోసరం కాలవనే మళ్ళిచ్చినారంట గదా? మనుషుల మాట ఇనలేదు, పిట్ట మాటన్నా ఇంటారేమోనని."

నాకప్పుడు అర్థమైంది. కలివికోడి మా లంకమల అడవుల పిట్ట. లేదనుకున్నాక మళ్ళీ దొరికింది, మళ్ళీ చాలా ఏళ్ళు కళ్ళబడలేదు. దాని కోసం కాలువ దారి మార్చిన సంగతి సీమలో అందరికీ తెలుసు. ఇక్కడి రైతు నేర్చుకున్న పాఠం అదీ. కొండకు పిట్ట ఉంటే కొండ మిగులుతుంది. అందుకని ఈయన పిట్టను వెతికాడు. ఫోనులో హమ్మింగ్‌బర్డ్ కనపడింది. కొండమీద చూస్తే అలాంటిదే ఉంది. దేవుడే పంపాడనుకున్నాడు.

ఎండ చల్లబడ్డాక కొండెక్కాం. సగం వాలులో, ఒక వేపకొమ్మకు ఎర్రటి ప్లాస్టిక్ సీసా వేలాడుతోంది. అడుగున పసుపుపచ్చ ప్లాస్టిక్ పూలు. నా కళ్ళను నేను నమ్మలేదు. హమ్మింగ్‌బర్డ్‌లకు చక్కెర నీళ్ళు పెట్టే సీసా అది, అమెరికాలో ఇళ్ళ ముందు కడతారు. బాలిరెడ్డి ఆన్‌లైన్లో తెప్పించాడు. నీళ్ళ నిండా చీమలు. "ఇంకా అలవాటు కాలేదు మేడం" అన్నాడు, కొత్త కోడలి గురించి చెప్పినట్టు.

కింద బండల సందుల్లో కలబంద గుబుర్లు, వాటి నడుమ పూలకాడలు. అక్కడ కూర్చున్నాం. ఎంతోసేపు పట్టలేదు. ముందు గొంతు వినపడింది, సన్నగా, తొందర తొందరగా. తర్వాత పిట్ట వచ్చింది.

మగది. నీడలో బొగ్గులా నల్లగా ఉంది, ఎండలోకి తిరగగానే నీలం, ఊదా, మళ్ళీ నీలం. ముక్కు కిందికి వంగి ఉంది. ఒక్క లిప్త గాల్లో ఆడి, వెంటనే కాడను పట్టుకుని కూర్చుని, తలకిందులుగా వంగి పువ్వులోకి ముక్కు దూర్చింది. హమ్మింగ్‌బర్డ్ అలా కూర్చోదు. ఇంకో అనుమానం అక్కర్లేదు. మా పెరట్లో మందారం దగ్గర రోజూ చూసే తేనెపిట్ట. వెనకే ఆడది వచ్చింది, బూడిద వీపు, పసుపు పొట్ట. ముళ్ళపొదకు గూడు వేలాడుతోంది. సాలెగూడు దారాలు, ఎండుటాకులు, చిన్న గుట్కా కాగితం ముక్క కలిపి కట్టిన సంచి. ఊళ్ళో అన్నింటి మీదా ఉన్నట్టే గూటి మీద కూడా తెల్ల దుమ్ము. ముప్పై ఏళ్ళు పటం చూపించిన నేను ఆ గూటి మీంచి బైనాక్యులర్ దించలేకపోయాను. అంత అందమైనది, అంత మామూలుది.

"అదే గదా మేడం?" బాలిరెడ్డి ఊపిరి బిగబట్టి అడిగాడు.

"కాదు బాలిరెడ్డీ. ఇది తేనెపిట్ట. మా ఇంట్లోనూ ఉంది. మీ ఇంటి వెనకా ఉండి ఉంటుంది."

ఆయన మెడలో తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు: "అర్జీలో హమ్మింగ్‌బర్డ్ అనే రాసిచ్చినా మేడం. మీరు వస్తాండారని గూడా చెప్పినా. అవునని మీరు చెప్పొద్దులెండి. కాదని మాత్రం చెప్పొద్దు. ఊరికే నా పక్కన కూసోండి, సాలు. ఇంకా చూడల్ల అంటారు, ఇంకో మనిషిని పంపుతారు, ఈ ఎండాకాలం గడిచిపోతాది."

ఒక ఎండాకాలం. ఆయన అడిగింది అంతే. సరేనన్నాను. మాటిచ్చాను.

ఆ పూట వాళ్ళింట్లోనే పడుకున్నాను. పొద్దున బావి చూపించాడు. చుట్టూ రాతి మెట్లు, అడుగున పచ్చటి నీళ్ళు. మెట్ల మీద చెయ్యి వేసి, "మా తాత చేతి పని" అన్నాడు. పక్కనే నిమ్మచెట్లు పూతలో ఉన్నాయి. నీళ్ళు చేదుకుని తాగాం. సున్నపురాతి నీళ్ళు, కొంచెం చప్పగా ఉంటాయి గానీ చల్లగా ఉన్నాయి.

పదకొండు గంటలకు బడి ఆవరణలో షామియానా. ముందు వరసలో పెద్దవాళ్ళు, వెనక గని కూలీలు, వాళ్ళలో మాబుసాబ్. మామూలు పక్షులు తప్ప అరుదైనవేవీ అక్కడ లేవని గని తరఫున ఒకతను నివేదిక చదివాడు. ఆ మామూలు పక్షుల్లో తేనెపిట్ట కూడా ఉంది. బాలిరెడ్డి లేచి బావి గురించి మాట్లాడాడు. కాసేపు విన్నారు. తర్వాత హమ్మింగ్‌బర్డ్ అన్నాడు. వెనక నుంచి ఎవరో నవ్వారు. ఆయన నా వైపు చూపించి, "కడప నుంచి మేడమే వచ్చినారు" అన్నాడు.

అప్పుడు మధ్య కుర్చీలోని అధికారి, కళ్ళజోడు సర్దుకుని, చాలా మర్యాదగా అడిగాడు: "మేడం, మీరు చూశారా? హమ్మింగ్‌బర్డేనా?"

నేను ఊరికే కూర్చుని ఉండొచ్చు. ఇంకా పరిశీలించాలి అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు, ఏ పిట్టనైనా ఇంకా పరిశీలించవచ్చు. కానీ ప్రశ్న అడిగారు, నాకు జవాబు తెలుసు. అంత మంది ముందు లేచి నిలబడి, క్లాసులో చెప్పినట్టు చెప్పాను: "కాదు. ఇది ఊదా తేనెపిట్ట. హమ్మింగ్‌బర్డ్ మన దేశంలో ఉండదు." అక్కడితో ఆగలేదు. ఎవరూ అడక్కపోయినా దాని శాస్త్రీయ నామం కూడా చెప్పాను.

షామియానా అంతా నవ్వింది. అధికారి "థాంక్యూ మేడం" అన్నాడు. పక్కనున్న గుమాస్తా రాసుకున్నాడు. తర్వాత నేను బావి గురించి, గూడు గురించి, వాలు గురించి చెప్పబోయాను. "రాసివ్వండి మేడం" అన్నారు. మైకు వేరేవాళ్ళకిచ్చారు. ఇచ్చిన మాట తప్పి చెప్పిన నిజం క్షణంలో గని పక్షాన చేరిపోయింది. ఆ నివేదికలో రాసిందే నేనూ చెప్పానని చివర్లో గట్టిగా చదివి వినిపించారు కూడా. నిజం ఎవరి పక్షమూ కాదని నేను పిల్లలకు చెప్పేదాన్ని. ఎంత తప్పు చెప్పానో!

బాలిరెడ్డి కోప్పడితే బాగుండేది. తిట్టినా పడేదాన్ని. మధ్యాహ్నం అన్నం పెట్టించాడు, సాయంత్రం రైలుకు తనే దింపుతానన్నాడు. బయల్దేరేముందు ఈశ్వరమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి అడిగింది.

"కలివికోడిని శానా ఏండ్లు ఎవురూ చూల్లేదంట గదా మేడం?"

"అవునమ్మా."

"కనపడని దానికోసరం కాలవ మళ్ళిచ్చినారు. మాది దినామూ కనపడతాది. అదే దాని తప్పా?"

ఈసారి నోరు మూసుకోవడం నాకు బాగానే చేతనయింది.

స్టేషన్లో బాలిరెడ్డి సంచిలోంచి ఆ ఎర్ర సీసా తీశాడు. కడిగి తుడిచి తెచ్చాడు. "ఈడ ఎందుకు మేడం, ఎట్లాగూ దాని పిట్ట రాదు గదా. మీ పెరట్లో కట్టుకోండి. మీ కాడ కూడా అదే పిట్టంటిరి గదా." వద్దన్నా ఆయన చాపిన చెయ్యి తియ్యలేదు. తీసుకున్నాను. రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. నేను చెయ్యి ఊపితే, మొదటి రోజు మొక్కినట్టే మొక్కాడు.

నంద్యాలలో రైలు దిగి కడప బస్సెక్కాను. మళ్ళీ సున్నా టికెట్టు. కిటికీ పక్కన సీటు దొరికింది, సీసా ఒళ్ళో పెట్టుకున్నాను. చాగలమర్రి దగ్గర ఎక్కిన ఒక పెద్దాయన చాలాసేపు దాన్నే చూసి, "ఏమ్మా అది, పిల్లోళ్ళ ఆట సామానా?" అన్నాడు. అవునన్నాను. అబద్ధం చెప్పడం అంత కష్టమేమీ కాదని అప్పుడు తెలిసింది. ఏడు గంటలు ఆలస్యంగా తెలిసింది.

ఇల్లు చేరి చెప్పులు విడిస్తే కింద చల్లగా బేతంచెర్ల బండలు. తెల్లారి పెరట్లో మందారం మీద తేనెపిట్ట, మామూలుగా వచ్చి, మామూలుగా తాగి పోయింది. దానికేమీ కాదు. కొండ పోతే ఊళ్ళోకి వస్తుంది, ఊరు పోతే ఇంకో ఊరికి పోతుంది. నా వాంగ్మూలంతో దానికొచ్చిన నష్టమేమీ లేదు. సీసా ఇంకా సంచిలోనే ఉంది, కట్టడానికి చేతులు రాలేదు.

ఇది చదివి ఆ దారిన పోదామనుకునే వాళ్ళకు ఒక మాట. పిట్ట కోసమైతే అంత దూరం పోనక్కర్లేదు, మీ ఇంటి వెనకే ఉంటుంది. పోతే బాలిరెడ్డి బావిని చూడటానికి పొండి. నంద్యాల నుంచి రైలుంది, స్టేషన్లో అడిగితే ఎవరైనా చెబుతారు, పిట్ట రెడ్డి అంటే ఇప్పుడు అందరికీ తెలుసు. చేదుకుని ఒక చెంబెడు తాగండి. ఈ ఎండాకాలం లోపలే పొండి.